గోడ పగలగొట్టకముందే తేల్చుకోవాల్సినవి

మా వరుస ఇళ్ల కాంప్లెక్స్‌లో పాత నీళ్ల పైపులన్నీ తీయించి కొత్తవి వేయించే పని పూర్తయింది. సంఘం తరఫున దగ్గరుండి చూసుకున్నది నేనే కాబట్టి, ఇలాంటి పని తలపెట్టబోయేవాళ్లకి పనికొస్తుందని అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను. పైపు మార్చడం ప్లంబర్‌కి వచ్చిన పని, దాని గురించి మనం టెన్షన్ పడక్కర్లేదు. ఏ పైపు ఎవరిది, పగిలిన గోడ ఎవరు బాగు చేయించాలి, ఏ ఇంటికి ఎప్పుడు నీళ్లు కట్టేస్తారు, ఈ మూడు మాత్రం మొదటి గోడకి గాడి కొట్టకముందే కాగితం మీదకి వచ్చి తీరాలి.

అసలు అందరూ ఒకేసారి ఎందుకు మార్చుకోవాలి, లీకైన వాళ్లు లీకైనప్పుడు చూసుకుంటారు కదా అని చాలామంది అడిగారు. ఇళ్లన్నీ ఒకేసారి కట్టారు, ఒకే రకం జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) వేశారు, అన్నింట్లోనూ పారింది ఒకే నీరు, కాబట్టి అన్నీ ఇంచుమించు ఒకేసారి పాడవుతాయి. జీఐ పైపుకి ఉండే జింకు పూత ఏళ్ల తరబడి నీళ్లు పారి అరిగిపోయాక లోపలి ఇనుము తుప్పు పట్టడం మొదలవుతుంది. మామూలుగా నలభై, యాభై ఏళ్లు వస్తాయంటారు గానీ నీటి గుణాన్ని బట్టి చాలా ముందే పోవచ్చు. పొద్దున్నే కుళాయి తిప్పగానే ఎర్రనీళ్లు రావడం, పై అంతస్తులో ధార సన్నబడటం, అందులోనూ వేడినీళ్ల వైపు ముందుగా సన్నబడటం, ఇవన్నీ ఆ లక్షణాలే. అమెరికా లాంటి చోట్ల 1978 నుంచి 1995 మధ్య కట్టిన ఇళ్లలో చాలావాటికి పాలీబ్యుటిలీన్ అనే ప్లాస్టిక్ పైపులు వేశారు, వాటిది ఇంకో రకం బాధ. నీళ్లలోని క్లోరిన్‌కి అవి పెళుసెక్కి, ముఖ్యంగా జాయింట్ల దగ్గర, చెప్పాపెట్టకుండా పగులుతాయి. అలాంటివి ఉన్నవాళ్లు లీకు కోసం ఎదురుచూడటం అస్సలు మంచిది కాదు.

ఎన్ని మాటలు చెప్పినా మీటింగులో కదలిక రాలేదు. చివరికి ఒక ఇంట్లో లీకైన చోట కోసి తీసిన మూరెడు పైపు ముక్క పట్టుకెళ్లాను. బయటినుంచి చూస్తే మచ్చ కూడా లేదు. లోపల మాత్రం తుప్పు బొడిపెలు బొడిపెలుగా పేరుకుపోయి, ఇంచి పైపులో పెన్సిలు దూరేంత సందే మిగిలింది. అది చేతులు మారుతుంటే అందరి అరచేతులకీ ఎర్రటి పొడి అంటుకుంది. మొదటినుంచీ వద్దంటున్న పెద్దాయన దాన్ని వెలుగుకి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "మా ఇంట్లోదీ ఇంతేనంటారా?" అని అడిగారు. ఓటింగు ఆ తర్వాత సులువుగానే అయింది. నన్నడిగితే మీటింగుకి ముందే ఒకటి రెండు చోట్ల పైపు కోయించి చూపించడం కంటే మంచి పద్ధతి లేదు.

ఇక హద్దుల సంగతి. అపార్టుమెంటులో అయితే నిలువు పైపు అందరిదీ, ఫ్లాట్ లోపలిది సొంతం అని చాలావరకు తేలిపోతుంది. వరుస ఇళ్లలో అలా కాదు, పక్కింటికి వెళ్లే పైపు మీ వంటగది నేల కిందినుంచి పోతుంది, ఇద్దరికీ ఉమ్మడి గోడలో ఎవరిది ఏదో తెలియకుండా రెండు పైపులుంటాయి. ముందు రిజిస్ట్రేషన్ కాగితాలూ సంఘం నిబంధనలూ ఏం చెబుతున్నాయో లాయరుతో చదివించుకోవాలి, ఎందుకంటే అక్కడ స్పష్టంగా రాసి ఉంటే మీటింగు తీర్మానం దాన్ని మార్చలేదు. మా కాగితాల్లో ఈ విషయం లేదు కాబట్టి మేమే ఒక సూత్రం పెట్టుకున్నాం: ఒకటి కంటే ఎక్కువ ఇళ్లకి నీళ్లిచ్చే ప్రతి పైపూ ఉమ్మడిది, అది ఎవరి నేల కింద ఉన్నా సరే. ఒక్క ఇంటికే వెళ్లేది ఆ ఇంటిది. రెంటికీ మధ్య వాల్వే హద్దు. లోపలి పైపుల పని కూడా అదే కాంట్రాక్టరుకి ఇచ్చి, ఖర్చు మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటి లెక్కలో రాశాం. దీనివల్ల ఒక ఇంట్లో పాత పైపు వదిలేసి పక్కింట్లో కొత్తది వేసే తంటా తప్పింది.

గొడవలు పైపుల దగ్గర రావు, టైల్స్ దగ్గర వస్తాయి. బాత్రూమ్ కొత్తగా చేయించుకున్న ఇంట్లో గోడ పగలగొడతామంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది, అది న్యాయమే. పాత టైల్స్ డిజైను మళ్లీ దొరకదు, నాలుగు మాత్రమే మారిస్తే అతుకు వేసినట్టు కనపడుతుంది. అందుకని ప్రతి ఇంటికీ ప్లంబర్‌తో పాటు తాపీ మేస్త్రిని కూడా ముందే తీసుకెళ్లి, గాడి ఎటువైపు నుంచి కొట్టాలో గోడ మీద సుద్దముక్కతో గీయించాం. వెనక గదివైపు నుంచి, అలమారా వెనకనుంచి దారి దొరికితే టైల్స్ జోలికే పోనక్కర్లేదు. కొన్ని చోట్ల పాత పైపుని గోడలోనే వదిలేసి, కొత్తది పూర్తిగా వేరే దారిలో తీసుకెళ్లాం. తప్పదనుకున్న చోట సంఘం ఏ మేరకు బాగు చేయిస్తుందో, ప్లాస్టరింగు వరకా, రంగు కూడానా, మొత్తం టైల్సా అనేది రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పనికి ముందు ప్రతి గోడకీ ఫోటో తీసి పెట్టుకోవాలి. లేదంటే "ఈ బీట మీ పనివాళ్లు పెట్టిందే" అనే మాట తప్పకుండా వస్తుంది, కాదని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా చేయాల్సింది ఒకటుంది, దాన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మొదటిసారి మెయిన్ కట్టేసినప్పుడే ప్రతి ఇంటికీ విడివిడిగా కొత్త బాల్ వాల్వు పెట్టించేయండి. పాత గేటు వాల్వులు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయి ఉంటాయి, బలవంతంగా తిప్పితే కాడ విరిగి చేతిలోకి వస్తుంది. బాల్ వాల్వు పావు చుట్టు తిప్పితే చాలు. ఆ వాల్వులు పడ్డాక ఏ ఇంట్లో పని ఉంటే ఆ ఇంటికే నీళ్లు ఆగుతాయి, మిగతావాళ్లకి ఇబ్బంది ఉండదు.

నీళ్లు కట్టేసే రోజు గురించి గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే చాలదు. తలుపు తట్టి చెప్పాలి, అప్పుడే అసలు విషయాలు బయటికొస్తాయి. ఒకరింట్లో పసిబిడ్డ ఉంటుంది, ఇంకొకరికి ఇంట్లోనే డయాలసిస్ జరుగుతుంది, ఇంకొకరు రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటారు. వీటిని బట్టి ఇళ్ల వరుస మార్చాలి, తప్పని చోట బయటినుంచి తాత్కాలిక లైను లాగాలి. ఓనర్లు దూరంగా ఉండి అద్దెకిచ్చిన ఇళ్లుంటే సంతకం ఓనరుది, తాళం అద్దెకున్న వాళ్లది, ఇద్దరికీ విడిగా చెప్పాల్సిందే.

పైపు రకం మీద నాకంత పట్టింపు లేదు. సీపీవీసీ, పెక్స్, పీపీఆర్ అనే ప్లాస్టిక్ రకాలు, రాగి, దేని మంచీచెడూ దానివే, మీ ఇంజినీరు చెప్పింది వేయించండి. సీపీవీసీ అయితే వేడికి సాగుతుందని గుర్తుపెట్టుకోవాలి: పది మీటర్ల పైపు యాభై డిగ్రీల తేడాకి సుమారు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, క్లాంపులు బిగించి కట్టేస్తే వంగి జాయింట్ల మీద బరువు పడుతుంది. రాగిని నేరుగా జీఐకి కలపకూడదు, కలిపిన చోట ఇనుము త్వరగా తుప్పు పట్టి పోతుంది.

కానీ ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ వేస్తున్నప్పుడు ఎవరికీ గుర్తురాని ప్రమాదం ఒకటుంది. పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగుని నీళ్ల పైపుకే కలిపి ఉండొచ్చు. ఆ పైపు పోయిన క్షణం ఎర్తింగు కూడా పోతుంది, లైట్లు ఫ్యాన్లు మామూలుగానే పనిచేస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లకి తెలియదు. గీజరులో లోపం వచ్చిన రోజు తెలుస్తుంది. దయచేసి ఒక్క పైపు కోయకముందే ఎలక్ట్రీషియన్‌తో ప్రతి ఇంట్లోనూ ఎర్తింగు చూపించి, అవసరమైన చోట విడిగా వేయించండి. ఈ ఖర్చు దగ్గర మాత్రం బేరాలు వద్దు.

గోడ మూసేముందు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. మామూలు ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు పెట్టి, నీళ్లతోనే చేయాలి. ప్లాస్టిక్ పైపులో గాలి నింపి చూస్తామంటే ఒప్పుకోకండి, పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి. మా దగ్గర ఒక ఇంట్లో గేజి ముల్లు చాలా మెల్లగా దిగుతూ వచ్చింది. పనివాళ్లు గేజిదే తప్పన్నారు. గేజి మార్చినా దిగింది. టార్చి వేసి ఒక్కో జాయింటూ పొడిగుడ్డతో తుడుచుకుంటూ వెళితే, సింకు వెనక ఒక ఎల్బో (మలుపు జాయింటు) దగ్గర గుడ్డ తడిసింది. కోసి చూస్తే అందులో గమ్ము పూయనే లేదు, ఊరికే దూర్చి వదిలేశారు. మామూలు ప్రెషర్‌లో అది కొన్ని నెలలు ఆగేదేమో, ఆ తర్వాత గోడంతా చెమ్మే. అందుకే టెస్టు కాగితం మీద ఇంటివాళ్ల సంతకం లేకుండా మేస్త్రి గోడ మూయకూడదని షరతు పెట్టాం.

ఆ తర్వాత కుళాయిల జాలీలు విప్పి లైన్లు బాగా కడగాలి, క్లోరిన్ నీళ్లు నింపి ఉంచి, మళ్లీ కడగాలి. లీటరుకి 50 మిల్లీగ్రాముల చొప్పున 24 గంటలు ఉంచమని చాలా నిబంధనల్లో ఉంటుంది. ఆ వేళ ఎవరూ నీళ్లు వాడకుండా కుళాయిలకి చీటీలు అంటించాలి. వాడకం లేని పాత కొసలని మూతపెట్టి వదలకుండా, పైపు చీలే టీ జాయింటు దగ్గరికి కోసేయించండి, అక్కడ నీళ్లు నిలవుండి లెజియొనెల్లా లాంటి బాక్టీరియా పెరుగుతుంది.

డబ్బు విషయంలో రెండే మాటలు. గోడలో ఏముందో తెరిస్తేగానీ తెలియదు కాబట్టి, అదనపు పనికి మీటరుకింత, వాల్వుకింత అని రేట్లు ముందే కాంట్రాక్టులో రాయించుకోండి. చివరి బిల్లులో కొంత భాగం ఆపి, ఒక ఏడాది చూశాక ఇవ్వండి.

తెరిచిన ప్రతి గోడకీ పక్కన టేపు సాగదీసి పట్టుకుని ఫోటోలు తీశాం, నేలనుంచి ఎంత ఎత్తులో ఏ పైపు వెళ్తుందో అందులో కనపడుతుంది. వాటిని ఇంటి నంబరు ప్రకారం పెట్టి, డ్రాయింగుతో సహా ఒక కాపీ సంఘంలో, ఒకటి ఆ ఇంటివాళ్లకి ఇచ్చాం. మేకు కొట్టేముందు ఫోటో చూసుకుంటున్నామని ఇప్పటికే కొందరు చెప్పారు. ఇక డ్రైనేజీ లైన్లు మిగిలాయి, వాటిలోకి కెమెరా పంపించి చూశాకే ఎంతవరకు మార్చాలో తేలుతుంది.