తోకచుక్క కోసం మైపాడులో నాలుగు తెల్లవారుజాములు

కెమెరా కొన్న మూడేళ్లలో నేను తీసినవన్నీ పగటి ఫొటోలే. పెన్నలో నీళ్లు తగ్గినప్పుడు దిగే కొంగలు, నెల్లూరు చెరువు మీద పొద్దు గుంకడం, మా మేడ పక్క కరెంటు తీగ మీద వాలే పాలపిట్ట. రాత్రి ఆకాశం జోలికి పోలేదు. ఒక్కసారి పౌర్ణమి చంద్రుణ్ణి ఆటో మోడ్‌లో తీస్తే తెల్ల చొక్కా గుండీలా వచ్చింది. అంతటితో ఆ సరదా తీరిపోయింది.

నేను రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తాను. కెమెరా సెకండ్ హ్యాండ్‌ది, కానన్ 1500డి. దాంతో వచ్చిన 18-55 లెన్సు ఒకటి, తర్వాత డబ్బులు కూడబెట్టి కొన్న 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఒకటి. పదిహేను వందల ట్రైపాడ్. నా దగ్గరున్న సరంజామా ఇంతే.

2024 సెప్టెంబరులో తోకచుక్క వస్తోందని మా అక్క కొడుకు చెప్పాడు. వాడు మా ఇంట్లో ఉండి నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడు. దాని పేరు సి/2023 ఏ3, సుచిన్‌షాన్-అట్లాస్. 2023 మొదట్లో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు వాళ్లు విడివిడిగా పట్టుకున్నారు కాబట్టి రెండు పేర్లూ పెట్టారు. సెప్టెంబరు 27న అది సూర్యుడికి బాగా దగ్గరగా, దాదాపు 5.9 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వస్తుంది. ఆ రోజుల్లో మనకు తెల్లవారుజామున తూర్పున, సూర్యుడి కన్నా గంట పైచిలుకు ముందు లేస్తుంది. ఆ పైన సూర్యుడి వెలుగులో మునిగిపోయి, అక్టోబరు రెండో వారం నుంచి సాయంత్రం పడమట కనిపిస్తుంది.

తూర్పున, అదీ నేలకు ఆనుకున్నట్టుగా కనిపించేదాన్ని చూడాలంటే సముద్రాన్ని మించిన చోటు ఏముంటుంది? చెట్టూ మేడా అడ్డం ఉండవు. మైపాడు మాకు పాతిక కిలోమీటర్ల లోపే.

సెప్టెంబరు 28, శనివారం. నాలుగింటికల్లా ఒడ్డున ఉన్నాం. మైపాడు రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల గుంటలు, ప్రతి గట్టు మీదా కాపలా లైట్లు. ఆ లైట్లు వేసుకునే వాళ్లలో సగం మంది మా ఖాతాదారులే, కానీ ఆర్పమని ఎట్లా అడుగుతాం? ఒడ్డు వెంబడి దక్షిణంగా నడిచి, ఒక సరుగుడు తోట ఆ వెలుగుకు అడ్డం వచ్చేచోట ఆగాం. నెత్తిన చుక్కలే చుక్కలు. సముద్రం మీద మాత్రం అడుగున గోడ కట్టినట్టు మబ్బు. తెల్లవారేదాకా ఆ గోడ కదల్లేదు. పోయి కారం దోశ తిని పడుకున్నాం.

ఆదివారం మబ్బు లేదు. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, మూత తీసి, మొదటి ఫొటో కొట్టాను. తెల్లగా, పాలు ఒలికినట్టు వచ్చింది. సెట్టింగు మార్చి ఇంకోటి కొట్టాను, అదీ అంతే. లెన్సు మీద టార్చి వేసి చూస్తే మొత్తం ఆవిరి. తుడిస్తే అర నిమిషంలో మళ్లీ పట్టింది. ఎందుకో ఇంటికెళ్లాక గానీ వెలగలేదు. రాత్రంతా కెమెరా మా ఏసీ గదిలో బీరువా మీద ఉంది. గాజు చల్లబడింది. సముద్రపు గాలిలో తేమ ఎంత ఉంటుందో ఇక్కడ పుట్టిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే లెన్సుకూ పట్టింది. ఎంత తుడిచినా ఫలితం లేదు, గాజు బయటి వేడికి వచ్చేదాకా ఆగాల్సిందే. అది తేరుకునే లోపు మాకు తెల్లారిపోయింది. ఆ రాత్రి నుంచి కెమెరా బ్యాగును హాల్లో, ఫ్యాను కింద, జిప్పు వేసి పెట్టాను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

ఇక సోమవారం సంగతి. ఇది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నానేమో.

ఆవిరి లేదు, మబ్బు లేదు, గాలి కూడా తక్కువ. అరవై రెండు ఫొటోలు తీశాను. కెమెరా వెనకున్న చిన్న తెరలో అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెద్దవి చేస్తే ప్రతి చుక్కా ఒక గారె. మధ్యలో చిల్లు కూడా పడినట్టుంది. ఫోకస్ పోయింది. అరవై రెండింటిలోనూ.

నేను చేసిందేమిటంటే, చుక్కలు చాలా దూరం కాబట్టి ఫోకస్ రింగును ఆ చివరికంటా తిప్పేసి వదిలేశాను. దూరానికి చివర అంటే అదే అనుకున్నాను. కాదు. లెన్సులు అనంత దూరాన్ని దాటి ఇంకాస్త తిరిగేలా చేస్తారు. కొసదాకా తిప్పితే చుక్క దగ్గర ఆగాల్సింది దాన్ని దాటి పోతుంది. పోనీ ఆటో ఫోకస్‌కు వదిలేద్దామంటే, చీకట్లో దానికి పట్టుకోవడానికి ఏదీ దొరక్క ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ ఉంటుంది. లెన్సు మీది మీటను మాన్యువల్‌కు మార్చి, తెర మీదే బొమ్మ కనిపించే లైవ్ వ్యూ పెట్టి, బాగా వెలిగే చుక్క ఒకదాన్ని తెర మధ్యకు తెచ్చి, పది రెట్లు పెద్దది చేసి చూస్తూ రింగును వెంట్రుక వాసి తిప్పాలి. చుక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఎక్కడ అన్నిటికన్నా చిన్నదిగా ఉందో అక్కడ ఆపాలి. ఆపిన చోట ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాలి, లేకపోతే చీకట్లో చెయ్యి తగిలి కదులుతుంది.

సోమవారం రాత్రి పదకొండున్నరకు మేడెక్కి తూర్పున గురుగ్రహం పైకి వచ్చాక దాని మీద ఇరవై సార్లు ఇదే చేశాను. కళ్లు మూసుకుని రింగు తిప్పగలిగేదాకా. మా ఆవిడ పైకొచ్చి చూసి, ఏమీ అనకుండా కిందికి వెళ్లిపోయింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

మేడ మీదే ఇంకో లెక్క కూడా తేలింది. భూమి తిరుగుతుంది కాబట్టి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. దీనికి 500 లెక్క అని ఒకటి చెబుతారు. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. నా కెమెరా సెన్సారు చిన్నది, కాబట్టి 50ని ముందు 1.6తో హెచ్చవేసి 80 అనుకోవాలి. 500ను 80తో భాగిస్తే ఆరు సెకన్ల చిల్లర. సరే అని ఆరు సెకన్లు పెడితే, పెద్దది చేసి చూసినప్పుడు చుక్కలు బియ్యపు గింజల్లా ఉన్నాయి. నా కెమెరా మీద 50 లెన్సుతో ఒక్కో పిక్సెల్‌కు వచ్చేది దాదాపు 15 ఆర్క్ సెకన్ల ఆకాశం (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్ సెకను). నడినెత్తి దారిలో పోయే చుక్క సెకనుకు అంతే దూరం జరుగుతుంది. అంటే సెకనుకు ఒక పిక్సెల్. ఆరు సెకన్లకు ఆరు పిక్సెళ్ల గీత. లెక్కలు రాసే వాణ్ణి కాబట్టి ఇది తేలాక మనసు కుదుటపడింది. నాలుగు సెకన్లకు దిగాను.

అక్టోబరు 1, మంగళవారం. మహాలయ అమావాస్యకు ముందు రోజు.

తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు మెల్లగా దిగబడతాయని ముందు రోజే చూశాను. అల వచ్చి పోయినప్పుడల్లా ఇంకాస్త. మావాడి చెప్పులు రెండు, నావి ఒకటి మూడు కాళ్ల కిందా పెట్టాం. ఒక చెప్పు మిగిలింది, అది వేసుకుని నిలబడ్డాను. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగలేదు, లాగితే గాలికి ఊగుతుంది. కింద కొక్కేనికి నీళ్ల బాటిల్ ఉన్న సంచీ తగిలించాను. టార్చి మీద స్వీటు ప్యాకెట్‌కు చుట్టిన ఎర్ర కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు వేశాను. ఎర్ర వెలుగైతే చీకటికి అలవాటు పడిన కళ్లు చెదరవు. తెల్ల వెలుగు ఒక్కసారి పడిందా, మళ్లీ ఇరవై నిమిషాలు గుడ్డివాళ్లమే.

మా నాయనమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కల వరసనే పట్టుకుని కిందికి వస్తే సిరియస్. దాని మీద ఫోకస్ పట్టాను, టేపు అంటించాను, కెమెరాను తూర్పుకు తిప్పాను. ఫోన్‌లో స్టెల్లారియం అనే ఆకాశపటం యాప్ చూసుకుంటే తూర్పుకు రవ్వంత దక్షిణంగా, నీళ్ల మీద ఒక పిడికిలి ఎత్తు లోపే ఉండాలి. చెయ్యి బారుగా చాపితే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, కొలబద్దలేమీ అక్కర్లేదు. ఎడమ వైపు ఇంకాస్త పైన గోరంత చంద్రరేఖ. తోకచుక్క మాత్రం కంటికి కనిపించడం లేదు.

"లేదు మామా, పోదాం పా" అన్నాడు మావాడు.

లెన్సు నోరు ఎఫ్ 2.2, వెలుగును పట్టే సున్నితత్వం ఐఎస్‌ఓ 1600, షట్టరు నాలుగు సెకన్లు. బటన్ నొక్కితే కెమెరా కదులుతుందని రెండు సెకన్ల టైమరు పెట్టాను. మొదటి ఫొటోలో దూరంగా పడవ లైటు ఒకటి, చుక్కలు కొన్ని. తెరలో పెద్దది చేసి ఎడమ నుంచి కుడికి నాగలి సాలు పోయినట్టు జరుపుకుంటూ చూశాను. అడుగున, మధ్యకు కాస్త ఇవతల, ఒక చుక్క. దాని నుంచి పైకి, సుద్దముక్కతో గీసి చేత్తో తుడిచినట్టు ఒక చార.

ఇద్దరం ఒక్కసారే అరిచాం. వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన పరుగున వచ్చాడు. పామేమో అనుకున్నాడట.

"ఏంది అబ్బయా?"

చూపించాను. చాలాసేపు చూశాడు.

"తోకచుక్క కదా. రాజులకు గండమంటారే."

"ఇప్పుడు రాజులెవరున్నారు పెద్దాయనా."

"అది కూడా నిజమేలే" అని, వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం కేసి వెతికి, "ఆడుంది, నీళ్ల మీద పొగ మాదిరి" అన్నాడు. ఆయన చూపించిన చోటే ఉంది. మాకింకా కనిపించలేదు. ఆ కళ్లు వేరు.

ఐదుంబావు నుంచి ఆకాశం నీలం తిరగడం మొదలైంది. నాలుగు సెకన్లు కాస్తా రెండు, తర్వాత ఒకటి. ప్రతి మూడు నాలుగు ఫొటోలకు వెలుగు చూసుకుని తగ్గించుకుంటూ పోవాలి. ఆ పావుగంటలో తీసినవే అన్నిటికన్నా బాగా వచ్చాయి. అడుగున నారింజ రంగు, పైన ముదురు నీలం, రెంటి మధ్య ఆ చార. అన్నీ రా ఫైళ్లుగా, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచేలా తీశాను కాబట్టి తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వీలు చిక్కింది. ఇంటికెళ్లగానే తడిబట్టతో కెమెరా ఒళ్లంతా తుడిచాను. లెన్సు ముందు వేసే ఫిల్టరు మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుందనుకుని తీయబోతే అసలు ఫిల్టరే లేదు. రాత్రి లైట్ల నీడలు పడతాయని నేనే తీసేసి సంచీలో వేసుకున్నాను. లెన్సు గాజునే తుడవాల్సి వచ్చింది. బ్లోయరుతో ఊది, మెత్తటి గుడ్డతో, ఊపిరి బిగబట్టుకుని.

సాయంత్రం తోకచుక్క కోసం దసరా నుంచి ఎదురుచూశాం. అక్టోబరు 12న అది భూమికి దగ్గరగా, 7 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోకి వచ్చింది. మాకు వాన. 17 తెల్లవారుజామున వాయుగుండం చెన్నైకి ఎగువన తీరం దాటింది. పౌర్ణమి కూడా అదే రోజు. అంటే మబ్బు పోయినా వెన్నెల ఉంటుంది. కేలెండరు ముందు పెట్టుకుని లెక్కేస్తే 20, ఆదివారం కుదిరింది. ఏడు గంటలకు పూర్తి చీకటి, చంద్రుడు ఎనిమిది దాటాక గానీ రాడు. మధ్యలో గంట.

పొదలకూరు దాటాక మా బావ వాళ్ల నిమ్మతోట ఉంది. సముద్రం ఒడ్డున ఉన్నంత తేమ ఉండదు, గుంటల లైట్లుండవు. దోమలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. శుక్రుడు పడమట దీపంలా ఉన్నాడు. అతనికి పైన కుడి పక్కగా, మూడు పిడికిళ్ల ఎత్తులో, ఈసారి మాకు కూడా కంటికి ఆనింది. బావకు చూపిస్తే "ఇంతేనా?" అన్నాడు. డీజిలు ఖర్చు ఎంతైందని కూడా అడిగాడు.

అక్కడ ఒకే సెట్టింగుతో వరసగా 36 ఫొటోలు తీశాను, ఆఖర్న లెన్సుకు మూత పెట్టి అదే సెట్టింగుతో పది. అవి కెమెరా సొంత మచ్చలను తీసివేయడానికి పనికొస్తాయి. సీక్వేటర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆ 36 ఫొటోలనూ చుక్కకు చుక్క కలిపి ఒకటి చేస్తుంది. చుక్కలు ప్రతి ఫొటోలోనూ ఉంటాయి కాబట్టి నిలుస్తాయి. ఇసుక చల్లినట్టుండే నాయిజ్ ఒక్కో ఫొటోలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి సగటులో తగ్గిపోతుంది. ఎన్ని ఫొటోలైతే వాటి వర్గమూలమంత. 36కు ఆరో వంతు. మా పాత లాప్‌టాప్ ఆ పని చేయడానికి అన్నం తిని వచ్చేంతసేపు తీసుకుంది. ఒంటి ఫొటోలో రెండు వేళ్లంత కనిపించిన తోక, కలిపిన దాంట్లో నిమ్మచెట్ల పై నుంచి ఫొటో సగందాకా పాకింది.

కానీ ఫ్రేము కట్టించాలనుకున్నది మాత్రం మైపాడుదే. పెన్‌డ్రైవ్ తీసుకుని ఒక స్టూడియోకు ఇచ్చాను. మర్నాడు ప్రింటు చేతిలో పెట్టారు. సముద్రం ఉంది, నారింజ రంగు ఉంది, పడవ లైటు ఉంది. తోకచుక్క లేదు.

"ఇక్కడ ఒక గీత ఉండాలే" అన్నాను.

"గీతా? అదా అన్నా, లెన్సు మీద మరకేమో అనుకుని నీట్‌గా తీసేశాం" అన్నాడు కుర్రాడు. దానికి వేరే డబ్బులు తీసుకోలేదని కూడా చెప్పాడు.