పీఎస్ వీఆర్ 2ని పీసీకి కలిపాను: నా అనుభవం

బరంపురంలో ఉండే మా బావగారు సోనీ ఆటల కన్సోల్ పీఎస్ 5 (ప్లేస్టేషన్ 5)తో పాటు కొన్న పీఎస్ వీఆర్ 2 హెడ్‌సెట్, అంటే కళ్ళకి తగిలించుకుని ఆట లోపలే ఉన్నట్టు ఆడుకునేది, వాళ్ళింట్లో అటకెక్కి చాలా కాలమైంది. "ఊరికే దుమ్ము పడుతోంది, పట్టుకెళ్ళవోయ్, నీ కంప్యూటర్‌కి పనికొస్తే వాడుకో" అన్నారు. నేనుండేది పర్లాకిమిడిలో. నాకు కన్సోల్ లేదు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డున్న పీసీ ఉంది, హాఫ్ లైఫ్ అలిక్స్ అనే వీఆర్ ఆట ఆడాలని ఎప్పటినుంచో ఉంది. అది ప్లేస్టేషన్‌కి రానే లేదు.

2023 ఫిబ్రవరిలో ఈ హెడ్‌సెట్ వచ్చినప్పుడు దాన్ని పీసీకి తగిలించడానికి కంపెనీ ఇచ్చిన దారేమీ లేదు. దాని వైరు చివర మామూలు టైప్ సీ పిన్నే కనిపిస్తుంది గానీ బొమ్మ, డేటా, కరెంటు మూడూ ఆ ఒక్క వైరులోంచే పోవాలి. 2024 ఆగస్టు 7న సోనీ ఒక అడాప్టర్ తెచ్చింది, 59.99 డాలర్లకి. బయటి దేశం నుంచి సెలవులకి వచ్చిన మా చిన్నాన్న కొడుకు చేత తెప్పించుకున్నాను. చిన్న నల్ల డబ్బా. దానికి హెడ్‌సెట్ వైరు, కరెంటు వైరు, పీసీకి యూఎస్‌బీ, గ్రాఫిక్స్ కార్డుకి బొమ్మని మోసే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టాలి.

ఆ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మాత్రం పెట్టెలో రాదు, అక్కడే అసలు తిప్పలు మొదలయ్యాయి. మా ఊళ్ళో షాపుల్లో అడిగితే హెచ్‌డీఎంఐ కేబుల్ చేతిలో పెట్టారు, ఏరు దాటి పాతపట్నం వెళ్ళినా అంతే, "ఇదైనా అదే పని చేస్తుంది బాబూ" అన్నారొకాయన. చెయ్యదు, అడాప్టర్‌కి పట్టేది డిస్‌ప్లేపోర్టే. అది కూడా ఉన్నదున్నట్టు మొయ్యలేదు: ఒక్కో కంటికి 2000×2040 చుక్కలు, సెకనుకి 120 సార్లు మారాలి, పది బిట్ల రంగుతో లెక్కేస్తే సెకనుకి 29 గిగాబిట్లు దాటిపోతుంది, డిస్‌ప్లేపోర్ట్ 1.4 మోసేదే 25.92. అందుకే కార్డు బొమ్మని కుదించి పంపాలి. ఎన్‌విడియా కార్డుల్లో ఆ కుదించే పని ట్యూరింగ్ అనే తరం నుంచే వచ్చింది కాబట్టి చిన్నదైన జీటీఎక్స్ 1650 సోనీ అర్హత జాబితాలో ఉంది, దానికంటే బలమైన జీటీఎక్స్ 1080 లేదు. పాత కార్డున్నవాళ్ళు డబ్బు పెట్టే ముందు ఈ ఒక్కటీ చూసుకోండి, దయచేసి. కేబుల్ చివరికి విశాఖ నుంచి వచ్చే స్నేహితుడు పట్టుకొచ్చాడు.

తర్వాత పీసీ ఆటలమ్మే స్టీమ్‌లో ఉచితంగా దొరికే పీఎస్ వీఆర్ 2 యాప్, వీఆర్ ఆటల్ని నడిపించే స్టీమ్ వీఆర్ రెండూ వేసుకున్నాను. కళ్ళ ముందు బొమ్మ వెంటనే వచ్చింది. చేతులే రాలేదు, అంటే చేత్తో పట్టుకునే రెండు కంట్రోలర్లు బ్లూటూత్‌తో పీసీకి కలవాలి. ఎడమ కంట్రోలర్‌కి పీఎస్, క్రియేట్ బటన్లు, కుడిదానికి పీఎస్, ఆప్షన్స్ బటన్లు కలిపి లైటు మిణుకు మిణుకుమనేదాకా నొక్కి పట్టాలి, అది సులువే. కానీ కలిసిన కాసేపటికే కుడిచెయ్యి గాల్లో తేలిపోయి గోడలోకి వెళ్ళిపోయేది. కారణమేంటంటే యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి కేబుళ్ళు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, బ్లూటూత్ నడిచేది కూడా అక్కడే. నా పీసీకి బ్లూటూత్ ఇచ్చే చిన్న డాంగిల్ సరిగ్గా అడాప్టర్ వైరు పక్కనే గుచ్చి ఉంది. మీటరు పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని బల్ల మీదికి, కంట్రోలర్లకి ఎదురుగా తెచ్చి పెట్టాక రెండు చేతులూ నిలకడగా నిలబడ్డాయి. ఇది చదివేవాళ్ళలో సగం మందికి ఈ ఒక్క వైరే చాలనుకుంటాను.

ఇంకొకటి గది. హెడ్‌సెట్ తన నాలుగు కెమెరాలతోనే చుట్టూ చూసుకుంటుంది కాబట్టి వెలుతురుండాలి. మా గదిలో బీరువా అద్దం దాన్ని కంగారు పెట్టింది, దాని మీద దుప్పటి కప్పాను, "పగలే దుప్పటేంట్రా దానికి" అని అమ్మ తీసేసింది, మళ్ళీ కప్పాను. హెడ్‌సెట్ పెట్టుకుని ఆవిడ కూడా కాసేపు చూసింది, వద్దు బాబూ కళ్ళు తిరుగుతున్నాయంది.

పీసీలో కొన్ని పోతాయి: వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ లేదు, కంటి చూపుని పట్టే సదుపాయం పనిచెయ్యదు, హెడ్‌సెట్ వణకదు, కంట్రోలర్ల మీద వేలితో నొక్కే ట్రిగ్గర్లు బిగుసుకోవు. హెచ్‌డీఆర్ పోవడం నాకు నిజంగా బాధే. అయినా హెడ్‌సెట్‌లోది ఓఎల్‌ఈడీ తెర కాబట్టి నలుపు నలుపుగానే ఉంది, చీకటి సొరంగాల్లో నడుస్తుంటే తేడా తెలుస్తుంది. 3060 మీద 120 హెర్ట్జ్ లాగడం కష్టమై 90కి పెట్టుకుని, స్టీమ్ వీఆర్‌లో రిజల్యూషన్ కొంచెం దించాను, ఇప్పుడు ఆట ఎక్కడా తడబడట్లేదు.