ఆక్సిజన్ తగ్గిస్తుంటే భయమేసింది

న్యుమోనియా అని తేలేసరికే రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాను. తిరుపతిలోనే ఓ ఆసుపత్రిలో చేర్చి, కింద సంచి వేలాడే మాస్క్ పెట్టారు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఈ మాస్క్‌తో అది 60 దాటుతుందట. రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే శాచురేషన్, 98కి చేరగానే మా ఆవిడ కొండవైపు తిరిగి, మెట్ల దారిన వస్తానని మొక్కుకుంది.

తర్వాతి రౌండ్స్‌లో డాక్టరమ్మ గోడకున్న మీటర్ నాబ్ తిప్పింది. గొట్టంలో చిన్న బంతి కిందికి జారింది. కాసేపటికి 98 కాస్తా 95 అయింది. మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది.

"మేడమ్, అట్లే ఉండనీండి. బిల్లు ఎంతైనా కడతాం."

ఆమెను తప్పుపట్టలేను. 2021 మేలో ఇదే ఊళ్లో ఆక్సిజన్ అందక మనుషులు పోయారు. అది చూసినవాళ్లకు తగ్గించడమంటే ప్రాణం తీయడమే.

"94 దాటితే చాలమ్మా. ఇదీ మందే, డోసు మించకూడదు" అంది డాక్టరమ్మ.

తేరుకున్నాక అదేంటో చదివాను. ఆక్సిజన్ మోతాదు మించితే ఊపిరితిత్తుల కణాల్లో సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే హాని చేసే రసాయనాలు ఎక్కువగా పుడతాయి. ఇవి కణాల పైపొరలోని కొవ్వును పాడుచేస్తాయి, మూత తీసిపెట్టిన చెనిక్కాయ నూనె వాసన పట్టినట్టే. వీటిని అడ్డుకునే గ్లూటాథయోన్ లాంటి పదార్థాలు ఒంట్లో కాపలా కాస్తూనే ఉంటాయి గానీ, గాఢమైన ఆక్సిజన్ రోజుల తరబడి పడితే వాటి వల్ల కాదు. పొర దెబ్బతిని గాలి గదుల్లోకి నీరు దిగుతుంది. ఇదేం కొత్త సంగతీ కాదు. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చిన ఎలుకల ఊపిరితిత్తులు వాచిపోతాయని 1899లోనే లొర్రైన్ స్మిత్ అనే శాస్త్రవేత్త రాశాడు.

అలాగని భయపడి మాస్క్ పీకేసేవాళ్లూ ఉంటారు. అది ఇంకా ప్రమాదం. శాచురేషన్ పడిపోయినప్పుడు ఆక్సిజన్ పెట్టాల్సిందే. ఎంత అన్నది మనిషిని బట్టి. పక్క బెడ్ పెద్దాయన బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆయనకు 88 నుంచి 92 మధ్యే ఉంచమని నర్సుకు చెప్పారు. వాళ్ల కొడుకు మాత్రం నా మానిటర్ చూసి, మా నాయనకెందుకు తక్కువ అని గొడవపడ్డాడు.

మాస్క్ పోయి ముక్కు గొట్టాలొచ్చాయి, తర్వాత అవీ తీసేశారు. ఇంటికొచ్చాక గాలి పీలిస్తే లేచే మూడు బంతుల పరికరంతో కసరత్తు. మూడో బంతి చాన్నాళ్లు కదల్లేదు.

మొక్కు సంగతి అడిగితే, మెట్లు ఇప్పుడే వద్దంది డాక్టరమ్మ. మొక్కుకున్నది మా ఆవిడే కాబట్టి అలిపిరి నుంచి ఆమె నడిచింది. నేను బస్సెక్కాను.