‘పూర్ థింగ్స్’ చూసిన ఊపులో పీరియడ్ షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టే ముందు

‘పూర్ థింగ్స్’ లాంటి సినిమా చూసి కథ రాసుకున్నవాళ్లు కృష్ణానగర్‌లో ముందు అడిగేది, దృశ్యాన్ని గుండ్రంగా వంచి చూపే ఫిష్‌ఐ లెన్స్ ఎక్కడ అద్దెకు దొరుకుతుందని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. మొదట తేలాల్సింది కథ ఏ సంవత్సరంలో జరుగుతోంది, ఆ ఏడాది ఆ ఇంట్లో ఏమేం ఉంటాయి, ఏమేం ఉండవు అన్నది. కాలం గట్టిగా నిలబడితేనే అందులో ఒక్కచోట తప్పించిన వింత కంటికి ఆనుతుంది. అన్నీ వింతలే అయితే అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అవుతుంది.

యోర్గోస్ లాంథిమోస్ 2023లో తీసిన ఆ సినిమాలో బట్టలు చూడండి. డిజైనర్ హోలీ వాడింగ్టన్. భుజం దగ్గర బుడగలా ఉబ్బి, ముంజేతికి అతుక్కునే చేతులు 1890ల ఫ్యాషన్. మన బుట్ట చేతుల జాకెట్టుకు దగ్గరి చుట్టమే. అవి కాలానికి సరిపోయినవే. కానీ ఆ కాలపు ఆడవాళ్ల నడుము బిగించిన కార్సెట్‌ను మాత్రం ఆవిడ పూర్తిగా తీసేశారు. నాయిక బెల్లా శరీరం పెద్దది, బుద్ధి పసిపిల్లది. పైన ఘనమైన జాకెట్టు, కింద లోదుస్తులతోనే ఇల్లంతా తిరుగుతుంది. ఈ వింత ఏదో తగిలించడంవల్ల పుట్టింది కాదు, ఉన్నదాంట్లోంచి తీసేయడంవల్ల పుట్టింది. 2024 ఆస్కార్లలో బెల్లాగా నటించిన ఎమ్మా స్టోన్‌కు ఉత్తమ నటితో పాటు ప్రొడక్షన్ డిజైన్, కాస్ట్యూమ్స్, మేకప్-హెయిర్ కూడా ఈ సినిమాకే వచ్చాయి. తెర మీద ఆమె ఎదుగుదలను మాటలకంటే ముందు ఈ మూడే చెబుతాయి.

ఇదే పద్ధతిని మన హైదరాబాద్‌కు తెచ్చుకుందాం. కథాకాలం 1908 అనుకోండి, మూసీ వరద వచ్చిన ఏడు. నాయిక గౌలిగూడ పాత ఇంట్లో పెరిగిన తెలుగు పిల్ల. హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం వచ్చింది 1920లో. కాబట్టి ఆ ఇంట్లో నూనె దీపం, కిరోసిన్ లాంతరు తప్ప బల్బు ఉండకూడదు. చీరకు ఫాల్ ఉండకూడదు, లంగాకు ఎలాస్టిక్ ఉండకూడదు, రవికకు ముందు ముడి ఉండాలి. పోచంపల్లి ఇక్కత్ కట్టించాలని చాలామందికి మనసవుతుంది. అక్కడ ఆ నేత మొదలైంది ఆ తర్వాతే, పట్టు ఇక్కత్ ఇంకా ఆలస్యం. గద్వాల, నారాయణపేట నేత చీరలైతే పేచీ లేదు. జరీ మాత్రం దగ్గర నుంచి చూసి కొనండి. ప్లాస్టిక్ జరీ లైటు పడగానే అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. ఇంత కట్టుదిట్టం చేశాక, ఆమె గదిలో మాత్రమే ఒక బల్బు వెలిగించండి. అది పొరపాటు కాదని చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఆడపిల్ల ఎదుగుదల చెప్పడానికి మన బట్టల్లోనే మెట్లున్నాయి: పరికిణీ, వోణీ, చీర. నిండు మనిషికి చిన్నపిల్ల పరికిణీ కట్టి, చీలమండలు కనిపించేలా పొట్టిగా వదిలేస్తే చాలు, వేరే వింత అక్కర్లేదు. ఆఖరి భాగంలో ఆమె తన ఇష్టంతో నడిచే దశకు గోచీ కట్టు పెట్టండి, కాళ్లు విడిగా కదులుతాయి. ఇక్కడ చిక్కుంది. ఇప్పటి చీర సుమారు అయిదున్నర మీటర్లు. గోచీ కట్టుకు తొమ్మిది గజాలు, అంటే ఎనిమిది మీటర్లకు పైగా కావాలి. ఆరు గజాలతో సర్దితే మోకాలి దగ్గర పట్టేసి, నాలుగడుగులకే కుచ్చిళ్లు ఊడతాయి. పొడుగు చీర దొరక్కపోతే ఒకే రంగు చీరలు రెండు తీసుకుని, అతుకు వెనక దోపే మడతలోకి పోయేలా కుట్టించండి.

కొత్త బట్టను పాతబరచడంలో చాలామంది దెబ్బతింటారు. ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి గంజి పూర్తిగా తీసేయాలి. గంజి మిగిలిన చోట రంగు పట్టక మచ్చలు పడతాయి. లీటరు నీళ్లకు మూడు టేబుల్ స్పూన్ల టీ పొడి వేసి పది నిమిషాలు మరిగించి వడగట్టండి. బట్టను తడిపి పిండి, ఆ డికాషన్‌లో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. కదుపుతూనే ఉండాలి. ఆరాక రంగు ఒక మెట్టు తగ్గుతుంది కనుక తీసేటప్పుడు కాస్త ముదురుగా కనిపించాలి. నూలుకు, పట్టుకు పడుతుంది, పాలిస్టర్‌కు పట్టదు. ఇంకా ముదరాలంటే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లనీళ్లు అంచులకు అద్దండి, కలంకారీ నలుపు వచ్చేది అలాగే. ఇనుము ఎక్కువైతే నూలు చివికిపోతుంది, బాగా జాడించాలి. అన్నిటికంటే ముఖ్యం, చీరంతా ఒకేలా పాతబడకూడదు. అసలు అరుగుదల కొంగు చివర, నడుము దగ్గర దోపిన చోట, నేలకు రాసుకునే కుచ్చిళ్ల అంచున, చంకల్లో కనిపిస్తుంది. అక్కడే సన్న గరుకు కాగితంతో రుద్దండి.

ఇప్పుడు లెన్సు. ‘పూర్ థింగ్స్’ సినిమాటోగ్రాఫర్ రాబీ ర్యాన్ 16 ఎంఎం ఫిల్మ్ కోసం చేసిన 4 ఎంఎం లెన్సును 35 ఎంఎం కెమెరాకు పెట్టారు. ఆ లెన్సు వేసే బొమ్మ చిన్న గుండ్రం, పెద్ద ఫ్రేమును నింపలేదు. అందుకే చుట్టూ నల్లగా మిగిలి, కిటికీ కన్నంలోంచి చూసినట్టుంటుంది. డిజిటల్‌లోనూ అంతే, చిన్న సెన్సర్‌కు చేసిన లెన్సును పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద పెట్టి, అంచుల్ని దానంతటదే కత్తిరించే ఆటో క్రాప్ ఆపేయండి. ఇంత వెడల్పులో లైట్ స్టాండు, కర్రకు కట్టి పైనుంచి పట్టే బూమ్ మైక్, సీలింగ్ లేని సెట్టు అన్నీ దొరికిపోతాయి. వెలుగు కిటికీ బయట నుంచే రావాలి, గదికి నాలుగు గోడలూ పైకప్పూ ఉండాలి. ఫ్రేము అంచున ముఖం సాగిపోతుంది, కాబట్టి నాయికను నడిమధ్య నిలిపి, ఆమెను చూసే పెద్దమనుషుల్ని అంచులకు తోయండి.

బూమ్ పోయాక ఒంటికి తగిలించే చిన్న లాపెల్ మైకే దిక్కు. నల్లపూసలు, పుస్తెలు దానికి తగిలి ప్రతి మాటకూ టిక్కుమంటాయి. మైకును పాపిట దగ్గర జుట్టులో దాచి, వైరు కొప్పులోంచి వీపు మీదికి దించితే ఆ గొడవ ఉండదు. గంజి తీసిన బట్ట గరగర కూడా చేయదు.

ఆ సినిమా తొలి భాగం చాలామటుకు నలుపు తెలుపు. బెల్లా లిస్బన్ చేరాక రంగులు విరగబూస్తాయి. వాటిలో కొన్ని రీళ్లు ఎక్టాక్రోమ్ రివర్సల్ ఫిల్మ్, అంటే నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్. మీరూ అలా చేస్తే ఒకటి గుర్తుంచుకోండి: నలుపు తెలుపులో కుంకుమ ఎరుపు, ముదురు ఆకుపచ్చ దాదాపు ఒకే బూడిద రంగులోకి పోతాయి. పచ్చచీరకు ఎర్రంచు అన్న మాటే మిగలదు. రంగు చూసి కాదు, లేత ముదురు చూసి ఎంచుకోండి. ఫోన్ కెమెరాను మోనోలో పెట్టుకుని కొట్లోనే చూస్తే సరిపోతుంది. సన్న గళ్ల చీరలు డిజిటల్ కెమెరాలో అలల్లా మెరుస్తాయి, వదిలేయండి.

డైలాగ్ రాసేటప్పుడు నాయిక మొదట పసిపిల్లలా తన పేరుతోనే మాట్లాడాలి: ‘సీత తింటది, సీత పోతది.’ ‘నేను పోత’ అని ఆమె నోట వచ్చే సీను ఏదో స్క్రిప్టులో ముందే గుర్తుపెట్టుకుని, అంతవరకు ఒక్కసారి కూడా జారనివ్వకండి. డబ్బింగ్‌లో జారేది ఎక్కువగా ఇదే. సంగీతం సంగతికొస్తే, ‘పూర్ థింగ్స్’ సంగీత దర్శకుడు జెర్స్కిన్ ఫెండ్రిక్స్ షూటింగ్‌కు ముందే బాణీలు కట్టడం మొదలుపెట్టారు. మీరు కూడా ఒక్క ముక్కయినా ముందే చేయించుకుంటే నడక తీరు దాని మీద రిహార్సల్ చేయవచ్చు.

వింత ఆకాశాలకు, నటుల వెనక దృశ్యాన్ని తెరలా చూపే ఎల్ఈడీ గోడ కావాలంటే అన్నపూర్ణ స్టూడియోస్‌లో వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ఉంది. చిన్న బడ్జెట్‌కు చేత్తో వేయించిన గుడ్డ తెరే మేలు, ఈ కథలకు ఆ కుంచె గీతలే అందం. పాత కట్టడాల్లో తీయాలనుకుంటే అనుమతులు వేర్వేరు చోట్ల అడగాలి: గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖవి, కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. తేదీలు ఖరారు చేసుకోకముందే రెండు అర్జీలూ పెట్టేయండి.