బొమ్మ ట్రాక్టర్లతో రంగులు వేయించాను: నా అనుభవం

మా బాబుకి రెండేళ్ళు దాటాయి. చేతికి తడి అంటుకుంటే అస్సలు భరించడు. పెరుగన్నం వేలికి తగిలినా చెయ్యి చాపేసి "తుడు, తుడు" అంటాడు. ప్లేస్కూల్లో వేళ్ళకి రంగు పూసి కాగితం మీద అద్దించే రోజున ఏడుపు లంకించుకున్నాడట, చివరికి టీచరే వాడి చెయ్యి పట్టుకుని నెమలి ఈకలన్నీ వరసగా అద్దించి ఇంటికి పంపారు. నెమలి చాలా అందంగా ఉంది, కానీ అందులో మా వాడు ఇష్టంతో చేసింది ఏమీ లేదు. వీడికి రంగంటే భయం పోవాలి, అదీ వాడంతట వాడే రంగు దగ్గరికి రావాలి అని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ప్రాసెస్ ఆర్ట్ గురించి అలా వెతుక్కుంటూ చదివాను. ఇందులో నమూనా బొమ్మ ఉండదు, "ఇలా వెయ్యి నాన్నా" అని చెప్పేవాళ్ళు ఉండరు. పిల్లలు రంగుని కదిలిస్తూ, పూస్తూ, చెరుపుతూ గడిపే సమయమే అసలు పని, చివరికి కాగితం మీద ఏం మిగిలిందన్నది ఎవరూ పట్టించుకోరు. దీన్లోనే బొమ్మ బండ్ల చక్రాలకి రంగు అంటించి కాగితం మీద నడిపించే పద్ధతి ఒకటుంది. మా వీధిలో డ్రైనేజీ కోసం తవ్వుతున్న జేసీబీని చూస్తూ అన్నం కూడా మర్చిపోయే పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలి! పైగా బండిని పైన పట్టుకుంటే రంగు చక్రాలకే అంటుతుంది, చేతికి అంటదు. నాకు బాగా నచ్చింది ఇదే.

రంగుల దగ్గర మాత్రం చాలా ఆలోచించాను, ఎందుకంటే ఈ వయసు పిల్లలు చక్రాన్ని నోట్లో పెట్టుకోరన్న గ్యారంటీ లేదు. హోళీ పొడుల జోలికి వెళ్ళలేదు, చాలా ప్యాకెట్ల మీద వాటిలో ఏం కలిపారో సరిగ్గా రాయరు. అరకప్పు కార్న్‌ఫ్లోర్‌ని కాసిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం రెండు కప్పుల నీళ్ళయ్యేలా పోసి, సన్న సెగ మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించాను. మైదాతో కూడా వస్తుంది, అయితే ఉడకాల్సిందే, పచ్చి పిండి కడుపుకి మంచిది కాదు. చల్లారాక గిన్నెల్లోకి పంచి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర రసం కలిపాను. దొడ్లో శంఖుపూల తీగ ఉన్నవాళ్ళు పూలని వేన్నీళ్ళలో నానబెడితే మంచి నీలం వస్తుంది. రంగు దోశ పిండి కంటే కొంచెం చిక్కగా ఉంటే చక్రానికి పడుతుంది, మరీ పల్చనైతే జారిపోయి కాగితం నానిపోతుంది. ఇది ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకి మించి ఆగదు, అందుకే కొంచెం కొంచెంగానే చేస్తాను.

బండ్లని ఎంచుకోవడం ఇంకో పని. బ్యాటరీతో నడిచేవి, వెనక్కి లాగి వదిలితే దూసుకెళ్ళేవి పక్కన పెట్టేశాను. మొదటి వాటిలో తడి లోపలికి పోతుంది, రెండో రకం రంగుని గోడ దాకా చిమ్ముతుంది. మిగిలిన ప్రతి బండి చక్రాన్నీ గట్టిగా లాగి చూశాను, ఊడొచ్చే చక్రం మూడేళ్ళ లోపు పిల్లల గొంతులో ఇరుక్కునే సైజులో ఉంటుంది. బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి అయింది, కొత్తవి కొనేవాళ్ళు అది చూసుకోండి. మా ఇంట్లో ఒక ఏటికొప్పాక ఎడ్లబండి ఉంది, అంకుడు చెక్క మీద లక్క పూసి చేసిన బొమ్మ, దాన్ని అల్మారాలోనే ఉంచాను, చెక్క బొమ్మని తడిలో నానబెట్టడం నాకిష్టం లేదు. చివరికి మిగిలినవి ప్లాస్టిక్ ట్రాక్టరు, లారీ, ఆటో, జేసీబీ. ట్రాక్టరు వెనక చక్రాల గాళ్ళు కాగితం మీద ఎంత బాగా పడతాయో! ఆటో చక్రాలు నున్నగా ఉంటాయి కాబట్టి ఉత్త గీతలే వస్తాయి. ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే పిల్లలకి తేడా కనిపిస్తుంది.

వరండాలో ఒక పాత ఫ్లెక్సీ తిరగేసి పరిచాను, దాని మీద పాత క్యాలెండర్ కాగితాలు వెనకవైపు పైకి వచ్చేలా టేపుతో అంటించాను. టేపు బాగా వెయ్యకపోతే కాగితం బండితో పాటే కదిలి పిల్లలకి విసుగొస్తుంది. పళ్ళెంలో నేరుగా రంగు పోస్తే చక్రాలు మునిగిపోతాయి, అందుకని కొత్త స్పాంజిని తడిపి పిండి, పళ్ళెంలో పెట్టి, దాని మీద రంగు రాశాను. బండి దాని మీదుగా వెళ్ళొస్తే సరిపడా రంగే అంటుతుంది. ఒకేసారి రెండు రంగులే పెట్టాను, అన్నీ ఇస్తే ఐదు నిమిషాల్లో అంతా బురద రంగైపోతుంది.

వాడు మొదట రాలేదు. గడప దగ్గర నిలబడి చూశాడు. నేను పిలవలేదు, ఆటో తీసుకుని నా కాగితం మీద నేను నడుపుకున్నాను. కాసేపటికి వచ్చి జేసీబీ పట్టుకున్నాడు, వేళ్ళ చివరలతో, పైన టాపు దగ్గర. ముందుకి ఒక జాన నడిపి వెనక పడిన గుర్తు చూశాడు. మళ్ళీ నడిపాడు, మళ్ళీ చూశాడు. తర్వాత లారీని రివర్సులో తెస్తూ "రానీ రానీ... హోల్డాన్!" అని అరవడం మొదలుపెట్టాడు, సందు చివర ఇసుక లారీ క్లీనర్ దగ్గర నేర్చుకున్న మాట అది. పసుపు, గులాబీ కలిసి నారింజ రంగొచ్చిన చోట ఆగి, వేలు పెట్టి ముట్టుకున్నాడు. తుడవమని నా వైపు చెయ్యి చాపలేదు. నాకు అప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

అత్తయ్య పక్కనే కూర్చుని "ఏం బొమ్మరా అది నాన్నా? ఇల్లా? చెట్టా?" అని ముద్దుగా అడుగుతూ ఉన్నారు. వాడు బండి ఆపి ఆవిడ వైపు అయోమయంగా చూశాడు. "అత్తయ్యా, ఏం బొమ్మ అని వద్దు, లారీ ఎటు పోయిందో అడగండి" అన్నాను. ఆవిడ అడగ్గానే "బుదలో పయింది!" అని ఎంత కథ చెప్పాడో. పిల్లల పని గురించి మాట్లాడాలంటే కనిపించేదే చెప్పాలి, "ఇక్కడ గీత పొడుగ్గా వచ్చిందే", "రెండు రంగులు కలిశాయే", అంతే. "వాహ్, సూపర్" అని ప్రతిదానికీ చప్పట్లు కొడితే మన మొహం చూడ్డానికే చేస్తారు.

పెద్దవాళ్ళు కూడా ఇలాంటి పని చేశారని తెలిసి మా ఆయన ఆశ్చర్యపోయారు. 1953లో న్యూయార్క్‌లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే చిత్రకారుడు 20 కాగితాలు వరసగా అంటించి రోడ్డు మీద పరిచి, టైరుకి నల్ల పెయింటు పోసి, సంగీతకారుడు జాన్ కేజ్ చేత కారు నడిపించాడు. ఆ టైరు గుర్తు ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంది.

ఇక కడగడం. మొదట్లో నాకు టెన్షన్ దీనికే, కానీ మా వాడికి ఇదే ఎక్కువ ఇష్టమైంది. ఒక టబ్బులో నీళ్ళు, పాత టూత్‌బ్రష్ ఇచ్చి "సర్వీసింగ్" అంటే చాలు, బండ్లన్నీ తనే తోమేస్తాడు. టబ్బులో కొంచెం నీళ్ళే ఉన్నా పక్కనుంచి లేవకూడదు. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి, పసుపులో సున్నం కలిపి దిష్టినీళ్ళు చేసినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది, సబ్బులో క్షారం ఉంటుంది. బాగా జాడించి ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుందని అత్తయ్య చెప్పారు, నిజంగానే పోయింది. అయినా వాడికి పాత బనీనే వేస్తున్నాను.

ఏడాదిన్నర లోపు పిల్లలున్నవాళ్ళు రంగు దాకా రాకుండా ఉత్త నీళ్ళతో మొదలుపెట్టొచ్చు. ఎండ పడే సిమెంటు నేల మీద తడి చక్రాలతో బండి నడిపిస్తే గుర్తులు పడతాయి, కాసేపటికి ఆరిపోతాయి, మళ్ళీ నడపొచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు, తుడిచే పని కూడా లేదు.