గడప కింద రూపాయి

కార్తీక మాసపు తొలి ఆదివారం తెల్లవారుజామున మెహదీపట్నంలో నేను కారెక్కేసరికి వెనుక సీటు మీద మెటల్ డిటెక్టర్, రెండు తాపీలు, ఒక బొరిగె, పాత దుప్పటి, టిఫిన్ డబ్బా సర్దిపెట్టి ఉన్నాయి. కారు నడుపుతున్నది నా మిత్రుడు. మేము వెళ్తున్నది చేవెళ్ల దారిలో అతడి పూర్వీకులు మూడు తరాల పాటు కాపురమున్న, ఇప్పుడు మొండిగోడలు మాత్రమే మిగిలిన పాత ఇంటికి. ఊరి పేరు రాయను. రాస్తే వారం తిరక్కముందే అక్కడ గడ్డపారలు దిగుతాయన్న భయం ఊరికే పుట్టినది కాదు. గుప్త నిధులన్న మాట చెవిన పడితే చాలు, పాడుబడిన గుడిలో నందిని కూడా పెకలించి కింద తవ్వి చూసేవాళ్లు మన దగ్గర ఉన్నారు.

ఈ ప్రయాణానికి ముందు మాకు నెల రోజులు కాగితాలతోనే సరిపోయింది. ఇంగ్లండులో మెటల్ డిటెక్టర్‌తో నేలలోని పాత వస్తువులను వెతికే ఈ వ్యాపకం చేసేవాళ్లకు భూమి యజమాని అనుమతి ఉంటే చాలావరకు పని నడుస్తుంది. దొరికిన పాత వస్తువులను నమోదు చేసుకోవడానికి అక్కడ 1997 నుంచి ఒక పథకమే ఉంది, 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో బయటపడిన ఆంగ్లో శాక్సన్ల బంగారపు నిధి కూడా ఇలాంటి యంత్రం పట్టుకున్నదే. మనకున్నది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాగి ఉన్న, ఎంతో కొంత విలువ గల ఏ వస్తువైనా ఆ చట్టం దృష్టిలో నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, తెలియజేయకపోతే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ పది రూపాయలు ఇప్పటికీ పదే. దీనికి తోడు, నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది. గోల్కొండ వంటి రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం సంగతి చెప్పనే అక్కరలేదు, అది నేరం. అందుకే మేము మిత్రుడి కుటుంబంలో వాటా ఉన్నవాళ్లందరి చేత సంతకాలు పెట్టించి, తహసీల్దారు కార్యాలయంలోనూ పోలీసు స్టేషన్‌లోనూ ఒక్కొక్క ప్రతి ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలును కారు డాష్‌బోర్డులో పెట్టుకుని బయలుదేరాము. ఇంత జాగ్రత్తకు కారణం ఉంది. మూడేళ్ల కిందట వేరే జిల్లాలో ఇలాగే ఒక స్నేహితుడి పొలానికి నోటిమాట మీద వెళ్లినప్పుడు, ఎవరో ఫోను చేయగా, సాయంత్రం వరకు ఒక ఠాణా బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది.

అప్పా జంక్షన్ దాటాక వరుసగా మర్రిచెట్లు మొదలవుతాయి. బీజాపూర్ రోడ్డు అని పిలిచే ఈ దారిలో మన్నెగూడ దాకా వందల సంఖ్యలో ఉన్న ఆ చెట్ల నీడలో తెల్లవారుజామున ప్రయాణించడమే ఒక సుఖం. కుడివైపు గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత కట్టిన ఆ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది కాబట్టే, ఐటీ భవనాలు కూతవేటు దూరంలో లేచినా, ఇటువైపు పాత ఊళ్ల ఆనవాళ్లు ఇంకా జేసీబీ పాలబడలేదు. మొయినాబాదులో చాయ్ తాగి, చేవెళ్ల చేరకముందే మట్టిబాటలోకి తిరిగాము.

ఊరు రోడ్డు వెంటకు జరిగిపోయాక పాత ఊరంతా సీతాఫలం చెట్లకు, సర్కారు తుమ్మకు వదిలేసినట్లు ఉంది. మిత్రుడి పెద్దబాపు అప్పటికే వచ్చి, కూలిన దర్వాజ పక్కన షాబాద్ బండ మీద చేతికర్ర ఆనించుకుని కూర్చున్నారు. ఎనభై ఏడేళ్ల మనిషి. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో అక్షరాలు దిద్దిన ఆఖరి తరం. మేము యంత్రం బిగిస్తుండగా అటుగా మేకలు తోలుకొస్తున్న ఇద్దరు కుర్రవాళ్లు ఆగి, "లంకె బిందెల కోసం వచ్చిన్రా సార్?" అని అడిగారు. లేవని చెప్పినా నమ్మలేదు. మధ్యాహ్నం వరకు కదలకుండా చూశారు.

యంత్రం పని చేసే తీరు చెప్పడం తేలిక, దానితో పని చేయించుకోవడం కష్టం. చివరన ఉన్న గుండ్రటి చుట్టలో విద్యుత్తు క్షణానికి వేల సార్లు దిశ మార్చుకుంటూ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోపల లోహం ఉంటే దానిలో సుడులు తిరిగే ప్రవాహాలు పుట్టి, అవి మరొక బలహీనమైన క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. ఆ వచ్చేది ఎంత ఆలస్యంగా వస్తున్నదో కొలిచి, ఇనుమా, కంచా, వెండా అని యంత్రం అంచనా వేస్తుంది. ఇనుముకు మొరటుగా, కిందిస్థాయిలో గుర్రుమంటుంది. వెండికి సన్నగా, స్పష్టంగా పలుకుతుంది. చిక్కేమిటంటే మన ఎర్ర చెలక నేలలో ఇనుము కణాలు సహజంగానే ఉంటాయి, నేల మొత్తం ఒక మందమైన లోహపు రేకులాగా పలుకుతుంది. అందుకని ముందు లోహం లేని చోట చుట్టను పైకీ కిందికీ ఆడిస్తూ నేలకు తగినట్లు యంత్రాన్ని సరిచేసుకోవాలి. ఈ ఒక్క పనికే మాకు అరగంట పట్టింది. వానలు వెనుకబట్టి నేలలో ఇంకా తడి ఉండటం కొంత మేలయింది.

మొదటి రెండు గంటలు దొరికినవి రాయడం దండుగ. మేకులు, బీరు మూతలు, రేకు ముక్కలు, మళ్లీ మేకులు. కొట్టం ఉండిన చోట మాత్రం అర్ధచంద్రాకారపు ఇనుప రేకు ఒకటి బయటపడింది. నాలుగు తూట్లు, వాటిలో ఒకదానిలో వంకరపోయిన మేకు ఇంకా ఇరుక్కుని ఉంది. నేను గుర్రపు నాడా విరిగిందనుకున్నాను. పెద్దబాపు దానిని అరచేతిలో తిప్పి చూసి, "ఎద్దు నాడా బిడ్డా. గిట్ట రెండు చీలికలుంటది గద, రెండిట్కి రెండు కొడ్తరు. ఇది లోపలి దిక్కుది, అరిగింది సూడు," అన్నారు. నిజంగానే ఒక అంచు కత్తిలా పలుచబడి ఉంది. చేవెళ్ల సంతకు బండి కట్టేవారట. ఆ రాళ్లబాటలో నాడాలు నెలలు కూడా ఆగేవి కావట.

ఇంటి ముందు అరుగు ఉండిన చోటికి వచ్చాక అసలు పని మొదలైంది. నాణేలు ఎక్కడ ఎక్కువగా రాలుతాయో ఒకసారి ఆలోచిస్తే తెలిసిపోతుంది. మనుషులు కూర్చునే చోట, లెక్క పెట్టుకునే చోట, ధోవతి మొలలో దోపుకున్నది జారే చోట. అరుగు అంచు వెంబడి మూడు బారల పొడవునా ఎనిమిది నాణేలు వచ్చాయి. వాటిలో ఏడు నిజాం కాలపువి, ఒక పై బిళ్లలూ రెండేసి పైల బిళ్లలూ కలిపి, ఒకవైపు తుగ్రా ముద్రతో, అంటే పాలకుడి పేరును అల్లికగా రాసిన ముద్రతో. ఎనిమిదవది అయిదవ జార్జి తల ఉన్న కాణీ, అంటే కల్దార్ అని పిలిచే బ్రిటిష్ ఇండియా డబ్బు. ఒకే అరుగు కింద హాలీ సిక్కా అనే ఇక్కడి నిజాం డబ్బు, బ్రిటిష్ వారి కల్దార్ కలిసి ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది. నూరు కల్దార్ రూపాయలకు నూట పదహారు రూపాయల పైచిలుకు హాలీ మారకం నడిచిన రోజుల్లో, ఈ ఇంటివాళ్లు సరిహద్దు అవతల ఎవరితోనో లావాదేవీ చేశారన్న మాట. లేదా అవతలి నుంచి వచ్చినవాడెవడో ఇక్కడ కూర్చుని మంచినీళ్లు తాగి ఉండవచ్చు.

నాణేలకు పట్టిన పచ్చటి చిలుమును ముట్టుకోలేదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మన్ను దానంతట అది విడేదాకా ఆగడమే పద్ధతి. ఈ ఓర్పు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తొలినాళ్లలో దొరికిన ఒక రాగి నాణేన్ని మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్లు చింతపండుతో రుద్దాను. పది నిమిషాల్లో తళతళా మెరిసింది, అక్షరాలు సగం పోయాయి. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, బొత్తాములాగా.

ఒకటి గమనించాను. ఇంటి వెనుక గోడ దాటాక పొలంలో కూడా అక్కడక్కడ చిన్న చిన్న పలుకులు వచ్చాయి, ఇల్లేమీ లేని చోట. అడిగితే పెద్దబాపు, "మా నాయిన ఈడికెల్లి పాటిమన్ను బండ్లకు బండ్లు పొలానికి తోలిండు," అన్నారు. మనుషులు తరాల పాటు బతికిన చోటి బూడిద, పెంట, పెంకులు కలిసిన మన్ను మంచి ఎరువని ఊళ్లలో అందరికీ తెలుసు. హైదరాబాదులో బేగంపేట పక్కనున్న పాటిగడ్డ పేరులో వినిపించేది కూడా ఆ మాటే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో అలాంటి పాటిదిబ్బనే నిజాం పురావస్తు శాఖ 1940 ప్రాంతంలో తవ్వితే శాతవాహనుల నాణేలతో పాటు రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అక్కడి మ్యూజియం చూడనివాళ్లు ఒక పూట వెచ్చించి చూడాలి. అది పొరలు పొరలుగా గీసి, కొలిచి, రాసుకుంటూ చేసిన తవ్వకం. నా చేతిలో ఉన్నది తాపీ, ఒక నోటు పుస్తకం. కనీసం ఏది ఎక్కడ దొరికిందో గోడల నుంచి అడుగులు లెక్కపెట్టి రాసుకోవడమైనా చేయకపోతే, ఈ పనికీ పాత ఇనుప సామాన్ల వ్యాపారానికీ తేడా ఉండదని నా అభిప్రాయం.

భోజనాల తరువాత కొట్టం గోడ మూలన యంత్రం సన్నగా, తొణక్కుండా పలికింది. ఎటు నుంచి ఊపినా అదే స్వరం. జానెడు లోతున, పగిలిన కుండ పెంకుల మధ్య, నిలువుగా గుచ్చుకుని ఉంది రూపాయి. మన్ను దులపగానే చార్మినార్ కనిపించింది. నడిమి కమాను లోపల ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని తొలి అక్షరం 'ఐన్'. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట 'మీమ్' ఉంటుంది. పెద్దబాపు కళ్లద్దాలు పైకి నెట్టి, నాణేన్ని దాదాపు ముక్కుకు ఆనించుకుని, పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్లు చదివారు: "జర్బ్... ఫర్ఖుందా బునియాద్... హైదరాబాద్." అంటే శుభమైన పునాది గల హైదరాబాదులో ముద్రించినది. హిజ్రీ 1337, మన లెక్కలో 1918-19. సైఫాబాద్ టంకశాల అచ్చు. తరువాత కంసాలి త్రాసులో తూచితే 11 గ్రాములకు కాస్త పైన తూగింది. కొత్తదానికి ఉండవలసిన బరువు 11.18.

కుండలో ఇది ఒక్కటే ఎందుకుందని మిత్రుడు అడిగాడు. వాళ్ల నాయనమ్మ వెన్న అమ్మిన పైసలు తాతకు తెలియకుండా ఎక్కడో దాచేదని, అడిగితే గొడ్లకే తెలుసనేదని పెద్దబాపు చెప్పారు. ఆ కుండ ఇదేనని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. అయినా ఆయన పెంకులన్నిటినీ ఏరించి తువ్వాలులో కట్టించుకున్నారు.

పొద్దు వాలుతుండగా, చివరగా దర్వాజ దగ్గర ఒకసారి ఊపి చూద్దామని వెళ్లాను. చౌకట్టు పోయింది గానీ గడప రాయి అలాగే ఉంది, నడుమ నడకలకు పల్లంగా అరిగి. దాని మీదుగా చుట్టను తిప్పగానే మళ్లీ ఆ సన్నని స్వరం, కొట్టంలో విన్నదాని కంటే స్పష్టంగా. గడ్డపార తెమ్మని నేనే అన్నాను. రాయి రెండు చేతుల వెడల్పు, ఇద్దరం పడితే లేచేదే. పెద్దబాపు చేతికర్రను రాయి మీద అడ్డంగా పెట్టారు.

"కడప కింది రూపాయి బిడ్డా అది. దర్వాజ నిలవెట్టిన్నాడు నవధాన్యాలతోని ఏసిన్రు. తియ్యొద్దు."

ఇల్లే లేదు కదా పెద్దబాపూ, అన్నాను. ఆయన బదులివ్వలేదు, కర్ర కూడా తీయలేదు. కాసేపటికి నేనే యంత్రం ఆపాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రంతా అది ఏ సంవత్సరపు రూపాయో తెలుసుకోవాలన్న కుతి నన్ను నిద్రపోనివ్వలేదు. తవ్విన గుంతలన్నీ పూడ్చి, పైన తీసిన గడ్డిపెళ్లలను తిరిగి కప్పి, చీకటి పడ్డాక బయలుదేరాము. సీతాఫలాలు ఒక సంచి నిండా ఇచ్చారు.

ఆ వారంలోనే కొంగర కలాన్‌లోని కలెక్టరేటుకు వెళ్లి, తొమ్మిది నాణేల వివరాలు, ఫొటోలు, దొరికిన చోటి పటం జతచేసిన దరఖాస్తు ఇచ్చాను. గుమాస్తా ఒకటికి రెండుసార్లు చదివి, విలువ ఎంత వేయమంటారని అడిగాడు. నాణెం మీద రాసి ఉన్నది ఒక రూపాయి. అందులో ఉన్న వెండే తొమ్మిది గ్రాములు. పది దాటుతుందని రాయమన్నాను. ఇంకేమైనా దొరికాయా అని అడిగితే లేదన్నాను. తవ్వనిది దొరికినట్లు కాదు కనుక, ఆ జవాబు చట్టానికి సరిపోతుందనే అనుకుంటున్నాను.