బస్సు కప్పుకి కెమెరా నిలవాలంటే

జూన్‌లో బడులు తెరవడానికి ముందు మా షెడ్డు ముందర పసుపు బస్సులు వరస కడతాయి. విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది. అందుకే తిరుపతి చుట్టుపక్కల బ్రేకులు చూసేవాళ్ళకీ, సీట్లు కుట్టేవాళ్ళకీ, నాలాగా వైరింగ్ చేసేవాళ్ళకీ ఆ నెలరోజులు పెళ్ళిళ్ళ సీజనే. రేణిగుంట రోడ్డు ఎండలో నిలబెట్టిన బస్సులోకి మధ్యాహ్నం రెండింటికి ఎక్కి, తల పైకెత్తి కప్పుకి డ్రిల్లు వెయ్యడమంటే ఎట్లా ఉంటుందో చెప్పినా ఎవరూ నమ్మరు.

ఈమధ్య అందరూ అడిగేది లోపలి కెమెరాల గురించే. ఏ కంపెనీది, ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఫోన్‌లో లైవ్ వస్తుందా, అని గంటసేపు మాట్లాడతారు. దాన్ని దేనికి బిగిస్తావు అని మాత్రం ఒక్కరూ అడగరు. నన్నడిగితే ముప్పాతిక పని అక్కడే ఉంది.

పోయినేడు ఒక స్కూలు బస్సు వచ్చింది, చంద్రగిరి వైపు పల్లెల్లో తిరిగేది. ముందర కెమెరా వైరు మీద వేలాడుతోంది. క్లీనర్ దానికి ప్లాస్టిక్ దారం కట్టి ర్యాక్ కడ్డీకి ముడేశాడు. "ఏం జెప్పేది సామీ, సంక్రాంతి దాకా బాగానే ఉండింది, ఆ తర్వాత తల వాల్చేసింది" అన్నాడు డ్రైవరన్న. విప్పి చూస్తే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు రెండు, వట్టి లోపలి షీటుకి బిగించి ఉన్నాయి. అంత పల్చటి షీటులో స్క్రూ మరలకి దొరికే పట్టు ఎంతని? ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపూ కప్పు సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకి స్క్రూ తన బెజ్జాన్ని తానే అరగదీసుకుంటుంది. గుండ్రంగా వేసిన బెజ్జం కోలగా సాగిపోయి ఉంది. పోనీ ఇంకా పొడుగు స్క్రూ వేసుంటే? పై రేకుని తొలుచుకుని పోయి, వానాకాలంలో పిల్లల నెత్తిన నీళ్ళు కారేవి.

ఊడి వేలాడడం చివరి దశ. అంతకు ముందే నెలల తరబడి బొమ్మ పాడై ఉంటుంది, ఎవరూ చూసుకుని ఉండరు. ఈ కెమెరాల్లో సెన్సరు బొమ్మని పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. ఆ చదివే లోపలే కెమెరా అదిరితే నిలువు కడ్డీలు వంకర్లు పోతాయి, మొహాలు సాగిపోతాయి. ఆ బస్సు రికార్డింగ్ పెట్టి చూశాం. మూడో సీటు దాటితే అబ్బాయో అమ్మాయో కూడా పోల్చుకోలేకపోయాం. స్కూలువాళ్ళు కెమెరా మంచిది కాదనుకున్నారు. కెమెరా శుభ్రంగా ఉంది.

లోపలి షీటు వెనకాల, ఇటు కిటికీ స్తంభం నుంచి అటు కిటికీ స్తంభం దాకా, బస్సుకి అడ్డంగా వంపు తిరిగిన ఇనప ట్యూబులు పోతాయి. బిగించాల్సింది వాటికి. షీటు కూడా వాటికే రివెట్లు కొట్టి ఉంటుంది కాబట్టి, రివెట్ల వరస ఎక్కడుంటే ట్యూబు అక్కడ ఉన్నట్టు. రివెట్లు కనిపించకుండా బీడింగ్ వేసేసి ఉంటే, పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం ఒకటి నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. షీటు ఫైబరైనా అల్యూమినియమైనా, వెనక ఇనుము వచ్చిన చోట అది చేతిని లాగుతుంది. షీటే ఇనపదైతే అయస్కాంతంతో పని జరగదు, వేలి కణుపుతో కొట్టుకుంటూ పోవాలి. బోలు మోత పోయి గట్టి మోత వచ్చిన చోట పెన్సిల్‌తో గీత గీసుకుంటా.

తర్వాత డ్రిల్లు. బిట్టు మొన దగ్గర కావలసినంత లోతు వదిలి, అక్కడ ఇన్సులేషన్ టేపు చుడతాను. టేపు షీటుకి తగిలిందంటే ఆపెయ్యాలి. ట్యూబుకి ముందు గోడ మాత్రమే తొలవాలి, వెనక గోడ కూడా దాటితే ఆ పైన రేకే. దగ్గర్లో ఉన్న లైటో స్పీకరో విప్పి, టార్చి వేసి వైర్లు ఎటు పోతున్నాయో చూడకుండా డ్రిల్లు ఎత్తను. ఏసీ బస్సయితే డక్టు కూడా చూసుకోవాలి.

మూసుకున్న ట్యూబులోకి నట్టు పట్టుకుని చెయ్యి పోదు. అందుకే రివ్‌నట్టు వాడతాం, అంటే లోపల మర ఉన్న రివెట్టు. బెజ్జంలో పెట్టి టూలుతో లాగితే అవతలి వైపు ఉబ్బి ట్యూబు గోడని కరుచుకుంటుంది. అందులోకి ఎం5 బోల్టు, స్ప్రింగ్ వాషరు, ఒక చుక్క నీలం రంగు థ్రెడ్ లాకర్. నీలందైతే కావాలనుకున్నప్పుడు మామూలు పనిముట్లతో విప్పుకోవచ్చు. ఎర్రది వేశారంటే వేడి చేస్తే గానీ రాదు. ఫైబరు కప్పు పక్కన మంట పెట్టేదెవరు? బోల్టు తల మాత్రం నక్షత్రం గాడి నడుమ చిన్న పుల్ల ఉండే రకం తీసుకుంటా. దాని బిట్టు పిల్లకాయల జేబుల్లో ఉండదు.

కెమెరా రావాల్సిన చోట ట్యూబు రాకపోతే, స్పీకరు బెజ్జం గుండా షీటు వెనక్కి మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక దూర్చి, బోల్టులు దాని గుండా పంపి నైలాక్ నట్లు, అంటే అదురుకి వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి, వేస్తాను. అప్పుడు బరువు రెండు బెజ్జాల మీద కాకుండా అరచేయంత మేర పడుతుంది. ట్యూబంత గట్టిది కాదుగానీ పర్వాలేదు.

అంతా బిగించాక బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. క్లీనర్ కింద నిలబడి చూసినా తెలిసేట్టు ఎర్ర రంగే వాడతాను. (ఇంట్లో సీసాలు ఎట్లా ఖాళీ అవుతున్నాయో మా ఆవిడకి ఇప్పుడు తెలిసిపోయింది.)

"ఇంత కథెందుకన్నా, డబుల్ టేపు అంటిస్తే పోలా?" అనేవాళ్ళు రోజూ ఒకరుంటారు. ముందద్దానికి అంటించే చిన్న డ్యాష్‌క్యామ్‌కైతే మంచి యాక్రిలిక్ ఫోమ్ టేపు చాలు. అదీ అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు దాని మానాన దాన్ని వదిలేస్తే. మనవాళ్ళు పొద్దున అంటించి సాయంత్రానికి బండి లైనుకి పంపిస్తారు. దుమ్మూ నూనె జిడ్డూ పట్టిన కప్పుకి, అదీ తలకిందులుగా, మన మే నెల ఎండల్లో టేపు సంగతి నేను మాట్లాడను.

ఇంకో పొరపాటు మంచి మెకానిక్కులు కూడా చేస్తారు. అదురు తగలకూడదని కెమెరా కింద మెత్తటి రబ్బరు వేస్తారు. దాంతో కెమెరా గుంతగుంతకీ ఊగుతుంది, బస్సు ఆగినా కాసేపు ఊగుతూనే ఉంటుంది. రబ్బరు కావాల్సింది డీవీఆర్‌కి, అంటే రికార్డింగ్ దాచే పెట్టెకి, అందులోనూ హార్డ్ డిస్క్ ఉన్నదానికి. కెమెరా బస్సు ఎముకతో కలిసి కదలాలి, అప్పుడే బొమ్మలో సీట్లు కదలకుండా కనిపిస్తాయి.

లాగి చూడ్డం కూడా పనిలో భాగమే. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ మీదుగా బెంగుళూరు పోయే బస్సుల్లో, మలుపు దగ్గర తూలినవాడు చేతికి ఏది అందితే దాన్ని పట్టుకుంటాడు. అది కెమెరా అని చూసుకోడు. కాబట్టి నేనే బిగించాక ఒక చేత్తో పట్టుకుని వేలాడినంత పని చేస్తాను. పొడుగ్గా ముందుకు వచ్చే బుల్లెట్ కెమెరాలు బస్సు లోపలికి వద్దనేది కూడా అందుకే. పొడుగాటి మనిషి లేచి నిలబడితే నుదురు తగులుతుంది, ఆడవాళ్ళు క్యారీ బ్యాగు తగిలిస్తారు. బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ కెమెరా అయితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. స్కూలు బస్సుల్లో ఆకతాయి పిల్లలు లెన్సు మీద స్టిక్కర్ బొట్టు అంటించేస్తారు, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు. ఎమర్జెన్సీ డోరుకీ కప్పు మీది హ్యాచ్‌కీ దగ్గర్లో మాత్రం ఏదీ బిగించకూడదు, ఎవరు చెప్పినా సరే.

ముందర అద్దం పైన ఉండి వెనక్కి చూసే కెమెరా ఒకటి, వెనక నుంచి ముందుకి చూసేది ఒకటి, మెట్ల మీదికి ఒకటి. యాభై సీట్ల బస్సుకి ఇవి చాలు. వెనక కెమెరాతో చిక్కేమిటంటే, దాని ఎదురుగా పెద్ద ముందద్దం ఉంటుంది. పగలు ఆ వెలుతురుకి లోపలున్నవాళ్ళంతా నల్లటి నీడల్లా వస్తారు. అద్దం బొమ్మలోకి రాకుండా, లేదా పై అంచులో కొంచెమే వచ్చేట్టు కెమెరాని కిందికి వంచుకోవాలి. రాత్రి సంగతి వేరు. కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు దగ్గర్లో ఉన్న కర్టెన్ కడ్డీకో కప్పు వంపుకో తగిలి వెనక్కి కొడితే బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. అందుకే చీకటి పడ్డాక లోపలి లైట్లు ఆర్పి, ఒకసారి చూడకుండా బండి అప్పజెప్పను. ఓనర్లకి తొందర. అయినా సరే.

ఒక ట్రావెల్స్ ఓనరు స్లీపర్ బస్సులో ఒక్కో బెర్తు మీదికీ ఒక్కో కెమెరా పెట్టమన్నాడు. "దొంగతనాలు జరుగుతున్నాయి, మనకి సేఫ్టీ" అన్నాడు. పెట్టనన్నాను. పడుకున్న మనిషి మీదికి పైనుంచి చూసే కెమెరా దొంగని పట్టడానికి కాదు. నడిచే దారి పొడుగునా చూసేట్టు పెడితే బెర్తు దగ్గరికి ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్నది తెలుస్తుంది, చాలు. సీటింగ్ బస్సులో కూడా అంతే, కోణం దారి వెంబడి పోవాలి, సీట్ల మీదికి నిట్టనిలువుగా దిగకూడదు. కెమెరాలున్నాయని తలుపు దగ్గర తెలుగులో బోర్డు రాయించమంటాను. ఆ బేరం మాత్రం పోయింది. ఇంకెవరో పెట్టే ఉంటారు.

ఇక కరెంటు. పెద్ద బస్సులో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు. కెమెరాకి 12 చాలు కదా అని రెంట్లో ఒక బ్యాటరీ నుంచే లాగేవాళ్ళున్నారు. అప్పుడు ఒకటి తగ్గిపోతూ ఉంటుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, చివరికి రెండూ పాడవుతాయి. బండ్ల కోసం చేసిన డీవీఆర్‌లు 24 వోల్టులు నేరుగా తీసుకుని కెమెరాలకి అవే 12 ఇస్తాయి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. బస్సు ఎక్కడుందో జీపీఎస్‌తో చెప్పే ట్రాకరు వైరులోంచి లాగడం ఇంకో దరిద్రం. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత వచ్చిన నిబంధనల్లో భాగంగానే 2019 జనవరి 1 నుంచి కొత్త ప్రయాణికుల వాహనాలకి ట్రాకరూ, ఎమర్జెన్సీ బటన్లూ తప్పనిసరి చేశారు. ఆ ఫ్యూజు మీద కెమెరాల బరువు కూడా వేస్తే, అది పోయిన రోజు ట్రాకరు లోపలి చిన్న బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది. ఆ తర్వాత బటన్ నొక్కినా ఎవరికీ తెలియదు.

వైరు షీటు బెజ్జం దాటే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, అంటే బెజ్జం అంచుకి తొడిగే రింగు, ఉండాలి, లేకపోతే రేకు అంచు వైరు తొక్కని కోసేస్తుంది. బస్సులో షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. కెమెరా వైరుకి మర తిప్పి బిగించే కనెక్టర్లే తీసుకోండి, కనెక్టరుకి జానెడు దూరంలో వైరుని టైతో కట్టండి.

స్కూలు బస్సులకి ఇంజను ఆపి తాళం తీశాక కూడా ఇరవై నిమిషాలు రికార్డింగ్ నడిచేట్టు పెడతాను. వెనక సీట్లో నిద్రపోయిన ఎల్‌కేజీ పిల్ల దిగిందో లేదో తెలిసేది ఆ ఇరవై నిమిషాల్లోనే.

టైమ్ జోన్ కూడా చూసుకోండి. జీపీఎస్‌తో టైము పట్టే డీవీఆర్‌లో గ్రీనిచ్ టైముకి మన 5:30 గంటల తేడా సెట్ చెయ్యకపోతే, పొద్దున 7:40కి జరిగింది రాత్రి 2:10కి జరిగినట్టు పడుతుంది. ఒక ఊళ్ళో చిన్న గొడవకి పోలీసులు రికార్డింగ్ అడిగితే, ఆ టైముకి బస్సు షెడ్డులో ఉందని స్కూలువాళ్ళూ, లేదని పిల్ల తండ్రీ ఒకటే వాదన. నేను పోయి తేడా చూపించేదాకా ఎవరికీ అర్థం కాలేదు.

కొత్తగా బిగించిన బండిని రెండు వారాల తర్వాత ఒకసారి మళ్ళీ తీసుకురమ్మంటాను, డబ్బులు తీసుకోను. చాలామంది రారు. వాళ్ళ క్లీనర్లకి ఫోన్‌లోనే చెప్తాను: "నాయనా, ఎర్ర గీత చూడు, విరిగుంటే బండి తోలుకోని రా." అదే నక్షత్రం బిట్టు ఇమ్మని అడిగితే మాత్రం ఇవ్వను.